బాపయ్య పెట్టిన గేటు

ఆ మంగళవారం ఉదయం బాపయ్య అనుకున్న పనులు మూడే. పెసరట్టు తినడం, కోతకు మనుషుల్ని తీసుకురమ్మని వీరమ్మకు ఫోను చేయడం, పంచాయతీ ఆఫీసు దాకా వెళ్లి ఎవరూ అడక్కపోయినా ఒక సలహా చెప్పి రావడం. పదింటికల్లా తిరిగొచ్చి పొలం వెళ్లాలని కూడా అనుకున్నాడు గానీ, దాన్ని ఆయన పనికింద లెక్కపెట్టలేదు.

అది 2006 మార్చి మొదటి వారం. నల్లగుంటపాడు చుట్టూ మిరప చేలు విరగపండి ఉన్నాయి. బాపయ్యది మూడెకరాల చేను, కాలవ గట్టును ఆనుకుని ఉంటుంది. కాయ కోతకొచ్చింది. శుక్రవారం రాత్రి నుంచి వానలు పడొచ్చని రేడియోలో చెబుతున్నారు. పండిన కాయ చెట్టు మీద తడిసిందంటే రంగు పోయి తాలవుతుంది. తాలు కాయను గుంటూరు యార్డులో ఎవరూ కన్నెత్తి చూడరు. అంటే శుక్రవారం సాయంత్రంలోపు ఆ మూడెకరాలూ కోసి పట్టాల కిందికి చేర్చాలి, లేదా సంవత్సరం పొడుగునా బసవమ్మ మొహం చూడాలి. బసవమ్మ ఆయన భార్య. రెండో సంగతి వానకంటే కష్టమని బాపయ్యకు తెలుసు.

వీరమ్మది కర్నూలు వైపు. అక్కడ పనులుండని ఈ రోజుల్లో ఏటా తనతో కలిపి ఇరవై ఎనిమిది మంది కూలీల ముఠాతో మిరప కోతలకు ఇటు వస్తుంది. సుగ్గికి పోతున్నాం అంటారు వాళ్లు. శుక్రవారం తెల్లారేసరికి వస్తామని వీరమ్మ ఫోనులో మాటిచ్చింది. పెసరట్టు కూడా బాగానే కుదిరింది. మిగిలిన మూడో పనికి బాపయ్య హుషారుగా బయల్దేరాడు.

పంచాయతీ ఆఫీసులో సర్పంచి జయరావు తల పట్టుకుని కూర్చున్నాడు. ఎన్నికలు నాలుగు నెలల్లో ఉన్నాయి. పొద్దున్నే ఊళ్లోని కోత కూలీల పెద్ద పున్నమ్మ వచ్చి వెళ్లింది. ఏటా రైతులు బయటి ముఠాలను చూపించి తమ కూలి పెరక్కుండా చూస్తున్నారని, ఈసారి కూడా ముఠాలు ఇష్టమొచ్చినట్టు దిగితే తమ నలభై ఇళ్ల ఓట్లూ ఆలోచించుకోవలసి వస్తుందని చెప్పింది. ఆవిడ అటు వెళ్లగానే రైతులు ఇటు వచ్చారు. ముఠాలు రాకపోతే కాయ చెట్టునే రాలుతుందని, అప్పుడు తామూ ఆలోచించుకుంటామని చెప్పారు. చేలున్నవాళ్లకు చేతులు చాలవు, చేతులున్న బయటివాళ్లకు ఇక్కడ ఓట్లు లేవు, ఓట్లున్నవాళ్లకు చేలు లేవు. జయరావు పొద్దుటినుంచీ ఈ లెక్క ఎటునుంచి వేసినా తేలడం లేదు.

బాపయ్యకు మాత్రం వెంటనే తేలిపోయింది. అందుకు కారణం ఉంది. కిందటేడు ఆయన యాత్రల బస్సులో కాశీ, హరిద్వారం తిరిగి, ఆ చేత్తోనే అమృత్‌సర్ వెళ్లి, అక్కడ వాఘా దగ్గర పాకిస్తాను సరిహద్దు గేటు చూసి వచ్చాడు. గేటు తీసేటప్పుడు, వేసేటప్పుడు సిపాయిలు కాళ్లు నెత్తికెత్తి నడిచే నడక ఆయన మనసులో ముద్రపడిపోయింది. కాశీలో ఏం వదిలిపెట్టి వచ్చావని ఎవరైనా అడిగినా గేటు గురించే చెప్పేవాడు.

"కాలవ మీది వంతెనకు గేటు పెట్టించు జయరావూ," అన్నాడు. "బయటివాళ్లు చీటీ తీసుకుని లోపలికి రావాలి. చీటీ మన చేతిలో ఉంటుంది."

"ముఠాల్ని ఆపితే రైతులు ఊరుకుంటారా బావా?"

"ఎవరు ఆపమన్నారు? ఆపుతున్నట్టు పున్నమ్మకి కనపడాలి, ఆపట్లేదని రైతులకి తెలియాలి. ప్రపంచంలో ఏ గేటయినా అంతే."

జయరావు లేచి నిలబడి ఆయన చేతులు పట్టుకున్నాడు. పున్నమ్మకు కబురు వెళ్లింది. ఆవిడ వచ్చి అంతా విని, సరేనంది గానీ రెండు షరతులు పెట్టింది. చీటీల మీద తన సంతకం కూడా ఉండాలి. రూలులో ఎవరికీ మినహాయింపు ఉండకూడదు. బాపయ్యకు రాత పని మీద ఎప్పటినుంచో మోజు. కాగితం దగ్గరకు లాక్కుని, కోతలు ముగిసేదాకా ఈ ఊళ్లో ఓటు లేనివారు ఎవరైనా సరే చీటీ లేకుండా వంతెన దాటి లోపలికి రాకూడదని రాశాడు. చదివి చూసుకుంటే కాస్త చప్పగా అనిపించి, 'ఎవరైనా సరే' తర్వాత 'ఎంతటివారైనా సరే' అని కలిపాడు. అప్పుడు దానికి నిండుదనం వచ్చింది.

గేటు దగ్గర కూర్చోవడానికి గురునాథం మాస్టారిని పెట్టారు. ముప్పై ఆరేళ్లు బళ్లో హాజరు పిలిచి రిటైరైన మనిషి. ఎదురుగా కూర్చున్న పిల్లవాడినైనా పేరు పిలిచి, 'ఉన్నానండి' అనిపించుకుంటే తప్ప ఉన్నట్టు వేసేవాడు కాదు. ఎర్ర రంగూ తెల్ల రంగూ పూసిన వెదురు బొంగు, ఒక బల్ల, ఒక రిజిస్టరు, ఓటర్ల జాబితా. బుధవారం తెల్లారేసరికి నల్లగుంటపాడుకు సరిహద్దు ఏర్పడింది.

ఊళ్లోకి ఉన్న దారి ఆ వంతెన ఒక్కటే. మొదట ఆగింది ఆర్టీసీ బస్సు. ఓటు లేనివాళ్లు దిగాలని మాస్టారు అన్నాడు. డ్రైవరు ముందు తనకే ఇక్కడ ఓటు లేదని చెప్పి, బస్సును అక్కడే వెనక్కి తిప్పాడు. బడి పంతులమ్మకు ఓటు మంగళగిరిలో ఉంది కాబట్టి ఆవిడా వెనక్కి వెళ్లింది. పిల్లలు గేటుకు జై కొట్టారు. గ్యాసు బండి ఆగిపోయింది. పదింటికి రెండు లారీల్లో రెండు ముఠాలు వచ్చాయి. వాళ్లకు చీటీలు రాయమని రైతులు, ముందు మా కూలి పెంచితే సంతకం పెడతానని పున్నమ్మ, మధ్యలో ఎండ. అరగంట చూసి లారీలు రెండూ కాలవకు అవతలి ఊరు ఈదరవారిపాలెం వెళ్లిపోయాయి. అక్కడ రోడ్డు మలుపులో అప్పటికే పందిరి వేసి మజ్జిగ పోస్తున్నారు. ఆ సాయంత్రానికి పున్నమ్మ మనుషుల్లోనూ సగం మంది ఈదరవారిపాలెం కోతకు వెళ్లారు. అక్కడ పది రూపాయలు ఎక్కువ ఇస్తామన్నారు. లోపలికి రావడానికే రూలు ఉంది. బయటికి వెళ్లేవాళ్ల సంగతి బాపయ్యకు తట్టలేదు.

ఇంతవరకూ జయరావు నిబ్బరంగానే ఉన్నాడు. కానీ గురువారం ఉదయం పిడుగురాళ్ల నుంచి ఆయన వియ్యంకుడు మోటారు సైకిలు మీద వచ్చాడు. మాస్టారు ఆయన పేరు జాబితాలో మూడుసార్లు వెతికాడు. వియ్యంకుడు ఎండలో గంటసేపు నిలబడి, తెచ్చిన జాంగ్రీలన్నీ వంతెన కింద గొర్రెలు కాసేవాళ్లకు పంచిపెట్టి, వచ్చిన దారినే పోయాడు. మధ్యాహ్నం జయరావు ఇంట్లో పొయ్యి వెలగలేదు. రెండింటికల్లా రూలుకు సవరణ వచ్చింది. ఊళ్లో ఓటున్నవాళ్లు ఎవరైనా సంతకం పెట్టి జామీను ఉంటే, వాళ్ల బంధువులను లోపలికి రానివ్వవచ్చు.

మూడింటికల్లా ఊరు ఊరంతా బంధువులతో నిండిపోయేలా కనిపించింది. ప్రతి రైతుకూ ప్రకాశం జిల్లా మెట్ట నుంచీ, కర్నూలు నుంచీ పాతికమందికి తక్కువ కాకుండా చుట్టాలు బయల్దేరారు. పున్నమ్మ చూసి చూసి ఒక్క మాట అంది.

"చుట్టాలైతే మంచిదే. చుట్టాల్ని చూసినట్టే చూడండి. వరండాలో కూర్చోబెట్టి విస్తరేసి అన్నం పెట్టండి. నేనొచ్చి చూస్తాను."

దాంతో చాలామంది రైతులకు చుట్టాలు తగ్గిపోయారు. కూలీలకు చేలో నీళ్లివ్వడం వేరు, వరండాలో విస్తరి వేయడం వేరు. అందరికంటే ముందు బాపయ్యే నీరుగారిపోయాడు. బసవమ్మ మాత్రం వంటింట్లోంచే, విస్తళ్లు ఎన్ని కావాలని అడిగింది.

ఆ సాయంత్రం మొగుడూ పెళ్లాలు కూర్చుని వీరమ్మ ముఠాకు వంశవృక్షం రాశారు. మాస్టారు ప్రశ్నలు అడుగుతాడు కాబట్టి ఇరవై ఎనిమిది మందికీ వరస కుదరాలి. కొందరిని తన వైపు వేయమని బాపయ్య అడిగాడు. ఆయన వైపువాళ్లు ఎవరో ఊరందరికీ తెలుసు కాబట్టి కుదరదంది బసవమ్మ. బాపయ్య అలిగాడు. చివరికి ఇరవై ఎనిమిది మందీ బసవమ్మ తరఫునే స్థిరపడ్డారు. ఒక్క పూటలో అంతమంది అత్తింటివాళ్లు కొత్తగా పుట్టుకొచ్చిన మగవాడు ఆ జిల్లాలో బాపయ్య ఒక్కడే అయివుంటాడు. కాగితం కింద జామీను సంతకం కూడా బసవమ్మే పెట్టింది. ఎవరికి ఎవరు ఏమవుతారో వీరమ్మకు ఫోనులో చెప్పడానికి గంట పట్టింది.

శుక్రవారం తెల్లవారుజామునే బాపయ్య ట్రాక్టరు మీద హైవే దాకా వెళ్లి ముఠాను ఎక్కించుకుని వచ్చాడు. పడమట మబ్బు కమ్ముతోంది. వంతెన దగ్గర మాస్టారు కళ్లజోడు తుడుచుకుని సిద్ధంగా ఉన్నాడు. పక్కనే పున్నమ్మ.

"బసవమ్మగారు నీకేమవుతారమ్మా?"

"మా చిన్నమ్మ కూతురు సామీ," అంది వీరమ్మ. "వాళ్లమ్మ పోయినప్పుడు రాలేకపోతిని. ఆ బాధ నాకిప్పటికీ పోలేదు." అని కొంగుతో కళ్లొత్తుకుంది. కాగితంలో లేని ఈ ముక్క తనకెందుకు తట్టలేదా అనుకున్నాడు బాపయ్య.

ఇరవై ఎనిమిది మందీ గట్టెక్కారు. పాతికేళ్ల కుర్రాడొకడు కంగారులో తాను బసవమ్మ తాతకు తమ్ముణ్నని చెప్పాడు. పెద్ద కుటుంబాల్లో ఇలాంటివి ఉంటాయని మాస్టారు అలాగే రాసుకున్నాడు. మధ్యాహ్నం వచ్చి విస్తళ్లు చూస్తానని చెప్పి పున్నమ్మ చీటీ మీద సంతకం పెట్టింది. బొంగు పైకి లేచింది.

"ఇక మీరు," అన్నాడు మాస్టారు బాపయ్యతో.

బాపయ్య నవ్వాడు. మాస్టారు నవ్వలేదు.

"జాబితా రెండుసార్లు చూశాను బాపయ్యగారూ. మీ పేరు లేదు."

ఊరంతా ఆయన్ను బావా అని పిలిచేది ఊరికే కాదు. నలభై ఏళ్ల కిందట బసవమ్మ తండ్రికి మగపిల్లలు లేక, ఈదరవారిపాలెం నుంచి బాపయ్యను ఇల్లరికం తెచ్చుకున్నాడు. మనిషి వంతెన దాటి వచ్చాడు గానీ ఓటు దాటలేదు. బాపయ్య తమ్ముడు అక్కడ మూడుసార్లు వార్డు మెంబరుగా నెగ్గాడు, ఒకసారి ఒకే ఒక్క ఓటుతో. ఆ ఒక్క ఓటూ అన్నయ్యదేనని తమ్ముడి నమ్మకం. అన్నయ్యకూ అదే నమ్మకం. ఎన్నికల రోజున తమ్ముణ్ని చూసొస్తానని చెప్పి వెళ్లి ఓటేసి వస్తుండేవాడు. ఇన్నేళ్లలో ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. పట్టించుకునే రూలు ఆయనే రాసేదాకా ఎవరికీ అవసరం పడలేదు.

"ఏంటి మాస్టారూ ఇది. ఈ గేటు పెట్టించిందే నేను."

"అవునండీ. అందుకే రూలు మీకు మళ్లీ చదివి వినిపించట్లేదు."

"ఎంతటివారైనా సరే," అంది పున్నమ్మ. ఆవిడకు ఆ ముక్క బాగా నచ్చింది.

నేను లేకుండా వీళ్లెలా వెళ్తారని బాపయ్య చివరి అస్త్రం వేశాడు. జామీను బసవమ్మగారిది, చుట్టాలు బసవమ్మగారి చుట్టాలు, మీరు ఇందులో ఎక్కడా లేరని మాస్టారు కాగితం చూపించాడు. ట్రాక్టరు నడిపేవాడికి ఓటుంది. బండి కదిలింది.

"నువ్వేం దిగులు పడొద్దు బావా," అంది వీరమ్మ ట్రక్కులోంచి. "మేం చూసుకుంటాం."

బాపయ్య వంతెన గోడ మీద కూలబడ్డాడు. అక్కడినుంచి చూస్తే కాలవ గట్టు మీదుగా ఆయన చేను మొత్తం కనిపిస్తుంది. వంతెనకు అటు చివర పుట్టిన ఊరు, ఇటు చివర బతికిన ఊరు. నెత్తిన మబ్బు. మొదట్లో సాళ్లు తప్పుతున్నారని, పచ్చికాయ తెంపుతున్నారని కేకలు వేశాడు. ఎవరూ తలెత్తలేదు. జయరావు వచ్చి పలకరించాడు. ఎన్నికల ముందు ఒక్కడి కోసం రూలు సడలిస్తే బాగుండదని, అయినా బావకు వేయడానికి కుర్చీ పంపిస్తానని చెప్పి వెళ్లాడు. బసవమ్మను వచ్చి జామీను పెట్టమని బాపయ్య కబురు చేశాడు. చుట్టాలకు వంట చేస్తోందని, ఖాళీ అయ్యాక వస్తుందని తిరుగు కబురొచ్చింది.

పదకొండింటికి ఆయన హుషారు పూర్తిగా అణిగిపోయింది. ముఠా ఇంకా మొదటి ఎకరం కూడా దాటలేదు. ఊళ్లోవాళ్లూ కలుస్తారనుకున్నాడు గానీ, ఇరవై ఎనిమిది మందితోనే అయితే రెండు రోజుల పని అది. వాన ఒక్క రోజే గడువిచ్చింది. నిజంగా భయం వేసింది బాపయ్యకు. ఆ భయంలోనే, బుధవారం ఇదే వంతెన మీద లారీల్లో నిలబడి చీటీ కోసం చూసిన మనుషుల మొహాలు గుర్తొచ్చాయి. అప్పుడు తాను నీడలో కూర్చుని సోడా తాగుతూ, అరగంటకే వెళ్లిపోయారు, ఓపిక లేదు వీళ్లకి, అన్నాడు. ఆ మాటకు ఇప్పుడు సిగ్గేసింది. దూరంగా తన చేను కనిపిస్తూ, కలం ఇంకొకడి చేతిలో ఉంటే అరగంట ఎంత పొడుగో ఆయనకు తెలిసివచ్చింది.

మధ్యాహ్నం ముఠా అన్నాలకు వెళ్లింది. అక్కడ జరిగింది తర్వాత జయరావు చెబితే బాపయ్యకు తెలిసింది. బసవమ్మ వరండాలో, పంచలో, చాలకపోతే వాకిట్లో పందిరి కింద విస్తళ్లు వేసి, గోంగూర పచ్చడి, ముద్దపప్పు, పులుసు స్వయంగా వడ్డించింది. నెయ్యి కూడా వేసింది. మాటిచ్చినట్టే తనిఖీకి వచ్చిన పున్నమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది. నిలబడి చూడటమేంటి కూర్చో అని బసవమ్మ ఆవిడకూ ఒక విస్తరి వేసింది. ఆ విస్తరి వీరమ్మ పక్కన పడింది.

ఇద్దరూ పదేళ్లుగా ఒకే చేలలో కోస్తున్నారు. ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు. అంత తక్కువ కూలికి ఎలా ఒప్పుకుంటున్నారని పున్నమ్మ అడిగింది. ఊళ్లోవాళ్లు అంతకే చేస్తున్నారని చెబితే ఒప్పుకున్నామంది వీరమ్మ. ముఠావాళ్లు అంతకే వస్తున్నారని చెబితే మేమూ ఒప్పుకున్నామంది పున్నమ్మ. మీకెవరు చెప్పారంటే మీకెవరు చెప్పారనుకున్నారు. ఇద్దరికీ చెప్పింది ఒక్కడే. ఆ సమయానికి ఆయన వంతెన గోడ మీద కూర్చుని ఉన్నాడు.

పెరుగన్నం దగ్గరకొచ్చేసరికి ఇద్దరికీ ఒకే కూలి కుదిరింది. నిన్నటికంటే పదిహేను రూపాయలు ఎక్కువ. ఇదే మాట బసవమ్మను అడిగారు. బసవమ్మ ఆకాశం వంక చూసి సరేనంది. పొలం ఆవిడ పేరు మీదే ఉంది కాబట్టి ఎవరినీ అడగాల్సిన పని లేకపోయింది. పున్నమ్మ ఈదరవారిపాలేనికి కబురు పంపి తన మనుషుల్ని వెనక్కి పిలిపించింది.

వంతెన మీద బాపయ్యకు కనిపించింది మాత్రం వేరు. పున్నమ్మ వంతెన దాకా ఎదురొచ్చి, ఈదరవారిపాలెం నుంచి తిరిగొచ్చిన నలభైమంది ఆడవాళ్లను వెంటబెట్టుకుని తన ముందునుంచే గబగబా నడిచి నేరుగా తన చేలోకి దిగింది. ముఠాను తరిమేయడానికే వెళ్తోందనుకుని ఆయన లేచి నిలబడ్డాడు. వాళ్లు కొంగులు నడుముకు దోపుకుని సాళ్లు పంచుకున్నారు. బాపయ్య మెల్లగా మళ్లీ కూర్చున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. వాటిని మాస్టారు చూడకుండా కాలవ వైపు తిరిగాడు.

పొద్దు వాలేసరికి మూడెకరాలూ అయిపోయాయి. కల్లంలో కాయ మీద పట్టాలు కప్పి రాళ్లు పెట్టేశారు. మొదటి చినుకులు పడుతుండగా బసవమ్మ గొడుగేసుకుని వంతెన మీదికి వచ్చింది. వెనకాలే పున్నమ్మా వీరమ్మా ఒకే గోనెపట్టా కింద తలదాచుకుని వచ్చారు. మాస్టారు రిజిస్టరు మీద తువ్వాలు కప్పి, కింద చెయ్యి పెట్టి రాయడానికి కూర్చున్నాడు.

"అమ్మా, ఈయన మీకేమవుతారు?"

బసవమ్మ ముందు గొడుగు సర్దుకుంది, తర్వాత కొంగు సర్దుకుంది. బాపయ్యకు ఆ కాసేపు ఉదయంనుంచి కూర్చున్నదాని కంటే ఎక్కువనిపించింది.

"మా నాన్న తీసుకొచ్చాడు మాస్టారూ. పొలం పనికి ఆసరాగా ఉంటాడని."

"ఉన్నారా?"

"మాటసాయానికి లోటు లేదు."

"బసవా, వాన పడుతోంది," అన్నాడు బాపయ్య.

"తెలుసయ్యా. పొద్దున్నే నీకు గొడుగివ్వడం మర్చిపోయాను." ఆవిడ గొడుగు కాస్త ఆయన వైపు వంచి, మాస్టారి చేతిలో కలం తీసుకుని సంతకం పెట్టింది. పున్నమ్మ కూడా పెట్టింది. వీరమ్మకు సంతకం పెట్టే అధికారం లేదు గానీ, మంచోడే, రానీయండి సామీ అని సిఫారసు చేసింది.

"ఎన్నాళ్లుంటారని రాయమంటారు?" అడిగాడు మాస్టారు.

"ఇప్పుడే ఏం చెప్పను. మూడు నెలలకి రాయండి, తర్వాత చూద్దాం."

శనివారం వానలోనే జయరావు గేటు పీకించేశాడు. రూలు రాసిన కాగితం ఏమైందో ఎవరికీ తెలియదు. బాపయ్య చీటీ మాత్రం బసవమ్మ పెట్టెలో భద్రంగా ఉంది, మూడు నెలలకోసారి ఆవిడే పొడిగిస్తోంది.